తాళం తీసినా ఆగని బండి

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక స్టార్టర్లు బాగుచేసే సింహాద్రి మేస్త్రికి ఒక పాడలవాటు ఉండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పడు. స్పానర్ చేతికిచ్చి, "ఇప్పి చూడు" అంటాడు. ఆయన దగ్గర పనికి చేరినవాళ్లు తొమ్మిదిమందైతే, ఎనిమిదిమంది ఈ అలవాటుకే విసుగెత్తి పారిపోయారు. నిలబడింది వరహాలమ్మ ఒక్కతే. మొగుడు చనిపోయిన ఏడాదే వచ్చి చేరింది, పదకొండేళ్లయింది.

ఒకనాటి మధ్యాహ్నం ఆవిడ అన్నం క్యారియర్ మూత కూడా తియ్యకుండా అడిగింది. "మేస్త్రీ, మా జోగికి జయపురం బెల్లం లోడు వచ్చింది. రానూపోనూ రెండు రోజులు, సగం ఘాటీ కొండదారి. ఒక్కణ్ణే పంపమంటావా, నేనూ ఎక్కనా? సాయంత్రానికి షావుకారుకి మాటివ్వాలి."

జోగారావు ఆవిడ కొడుకు. ఇరవయ్యారేళ్లవాడు, అయిదేళ్లుగా వ్యాను తోలుతున్నాడు. అయినా తెల్లారగట్ల బండి స్టార్టు చేసేది తల్లే. వాడు టీ తాగేలోపు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేస్తుంది. తల్లి కడుపు చూస్తుందంటారు గానీ, ఈ తల్లి స్టీరింగు కూడా చూసేది.

మేస్త్రి నోట్లో ముద్ద మింగి, "వ్యాను తెమ్మను" అన్నాడు. అంతే.

జోగి తెచ్చాడు. "స్టార్టయ్యాక కూడా ఒకోసారి లోపల గర్రుమంటోంది తాతా, వారం రోజులబట్టి" అన్నాడు. షెడ్డు వెనక్కి వాలుగా ఉందని ఇంజను ఆపి, బండిని గేరులో వదిలి దిగి, ముందువైపు గోడకీ బండికీ మధ్య నిలబడి అద్దం తుడవసాగాడు.

"ఆ గర్రేటో నేను చూస్తానుండు" అని వరహాలమ్మ అలవాటు కొద్దీ బయటినుంచే చెయ్యి పెట్టి తాళం తిప్పింది. గేరు చూసుకోలేదు.

బండి ఎగిరి ముందుకు దూకింది. ఆవిడ చటుక్కున తాళం కట్టేసి ఊడబీకింది. ఇంజను చచ్చింది. బండి మాత్రం ఆగలేదు. ఓరి దేవుడా, తాళం ఆవిడ గుప్పిట్లో ఉంది, బండి దానంతటది గుర్రుమంటూ జానెడు జానెడుగా గోడవైపు జరుగుతోంది! జోగి వీపు గోడకి ఆనింది. "అమ్మా! ఆపమ్మా!" అని అరిచాడు. ఇంకేం ఆపుతుంది? ఆపాల్సింది ఆపేసింది కదా! "ఓలమ్మో, నా గుంటడు!" అని కేక పెట్టిందే గానీ, ఆవిడకి కాలూ చెయ్యీ ఆడలేదు. పదకొండేళ్ల పనితనం ఆ క్షణాన ఏ గంగలో కలిసిందో! మేస్త్రి ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి బ్యాటరీ వైరు లాగి పారేశాడు. బంపరు జోగి మోకాళ్లని తాకి ఆగింది.

వరహాలమ్మ కొడుకు మోకాళ్లు తడిమి తడిమి చూసి నేలమీద చతికిలబడింది. మేస్త్రి చెయ్యి కడుక్కొచ్చి ఆవిడకి స్పానర్ ఇచ్చాడు.

"ఇప్పి చూడు."

"ఇప్పుడా మేస్త్రీ?"

"ఇప్పుడే."

లేచి పనిలోకి దిగింది. బండిని న్యూట్రల్లో పెట్టి, తాళం నుంచి స్టార్టరుకి వచ్చే సన్నవైరు పీకేసి, బ్యాటరీ తగిలించింది. స్టార్టరు మళ్లీ తిరిగింది. అంటే తప్పు తాళంలో లేదు, వైరులో లేదు. బ్యాటరీ తీసేసి, స్టార్టరు దింపి, దాని నెత్తిమీది డబ్బా విప్పింది. లోపల కరెంటు కలిపి విడిచిపెట్టాల్సిన రాగి బిళ్లలు కాగి కాగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవరు పెట్టి కొడితే గానీ ఊడలేదు.

అవెందుకు అతుక్కుంటాయో ఆవిడకి తెలియక కాదు. "ఇంజను అందుకున్న చప్పుడు చెవిన పడగానే తాళం వదలండ్రా, పట్టుకుని వేలాడకండి" అని ఎంతమంది డ్రైవర్లని తిట్టిందో!

"ఏరా, నువ్వు వదలవా?" అని కొడుకుని గద్దించింది.

జోగి తల దించుకున్నాడు. "నేను ఎంటనే వదిలేస్తానమ్మా. పొద్దున్నపూట నువ్వే... ఆగిపోద్దేమోనని ఇంకాసేపు పట్టుకునుంటావు."

వరహాలమ్మ చేతిలోని బిళ్లల వంక చూసింది. నిజమే, రోజూ అదే పని. ఊరందరికీ చెప్పిన పాఠం సొంత కొడుకు బండి దగ్గర మరిచిపోయింది. వాణ్ణి గోడకి నొక్కబోయింది తన చెయ్యేనని అప్పటికి తలకెక్కి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కొత్త బిళ్లలు వేసేసరికి పొద్దు వాలింది. జోగి ఎక్కి తాళం తిప్పాడు, ఇంజను అందుకుంది, వదిలేశాడు. గర్రు లేదు. షావుకారు దగ్గరికి బయల్దేరబోతూ తల్లి వంక చూశాడు. వరహాలమ్మ ఎక్కలేదు. కానీ ఆవిడ చెయ్యి ఇంకా డోరు మీదే ఉంది.

"ఎప్పుడు వదలాలో నాకు మాత్రం తెల్దా మేస్త్రీ?" అంది.

మేస్త్రి మధ్యాహ్నం సగంలో వదిలేసిన తన క్యారియరు మూత పెడుతూ అన్నాడు:

"నీ చెవికి ఏనాడో తెలుసు వరాలూ. చేతికే ఇంకా తెల్దు."