జలాల్ నోరు మూసుకున్న సాయంత్రం

గుంతకల్లు రైల్వే క్వార్టర్ల వెనక మైదానంలో మాకు హాకీ నేర్పిన బెంజిమన్ సారుకి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న పట్టుకొని వస్తే ముందు సున్నం డబ్బా చేతికిచ్చి మైదానంలో గీతలు గీయమనేవాడు. ఎర్రమట్టి మీద వంగి గీస్తూ ఉండగానే సగం ప్రశ్నలు వాటంతటవే అరిగిపోయేవి. మిగిలినవాటికైనా ఆయన తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. చక్రపాణి వచ్చిన రోజు మాత్రం సున్నం డబ్బా బల్ల కింద నుంచి వెంటనే బయటికి రాలేదు. అడిగింది వినగానే ఆయన మొహం జేవురించింది.

చక్రపాణి ఒకప్పుడు మా జట్టులో ఫుల్‌బ్యాక్. గోల్‌కి ముందు నిలబడి, వచ్చేవాళ్లని అడ్డుకోవడం వాడి పని. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ నడిపే లీగ్ జట్టుకి మేనేజర్. ఆ జట్టు గోల్‌కీపర్ జలాలుద్దీన్ కూడా ఈ మట్టిలో పుట్టిన ఆటగాడే. చక్రపాణి వెనక ఏళ్ల తరబడి గోల్ కాసినవాడే. ఆ లీగ్‌ని నమ్ముకొని రైల్వే ఉద్యోగం వదులుకున్నాడు. ఇప్పుడు వయసు నలభైకి దగ్గరపడింది. ఇంకో మూడేళ్లకి కాంట్రాక్టు పొడిగించమని అడిగాడు, మొత్తం కూడా బాగా పెద్దదే అడిగాడు. ఇవ్వాలో సాగనంపాలో ఆ రాత్రికల్లా చక్రపాణి ఫోన్ చేసి ఓనర్లకి చెప్పాలి. వద్దంటే జలాల్‌కి ఇటు ఆటా ఉండదు, అటు ఉద్యోగమూ ఉండదు.

"అంత డబ్బుకి వాడు తగునా, మీరే చెప్పండి సార్," అన్నాడు చక్రపాణి. "నా స్నేహితుడే, కాదనను. కానీ వాడు దిగని మ్యాచుల్లో కొత్త కుర్రాణ్ణి నిలబెట్టినాం. ఆ కుర్రాడు వీడికంటే రెండింతలు బంతులు ఆపినాడు. దానికితోడు వీడి నోరొకటి! విజిల్ వేసినప్పట్నుంచీ అరుపులే. ముందు ఆడే పిల్లోళ్లు విసుక్కుంటాండారు. మొన్న ఓనరుగారి ఇంట్లోవాళ్లు మ్యాచ్‌కొచ్చి చెవులు మూసుకొని కూర్చున్నారు."

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు చెబుతుంటే కూడా మండుతోంది. టోర్నమెంట్లకి పోయేటప్పుడు ఇద్దరూ రైల్లో ఒకే బెర్తు మీద కాళ్లు ముడుచుకొని పడుకున్నవాళ్లు. చక్రపాణి మీదికి రావలసిన బంతికి అడ్డుపడి జలాల్ దవడ మీద కుట్లు వేయించుకున్నాడు. ఆ కుట్ల సంగతి ఎత్తుదామని నోరు తెరిచాను. బెంజిమన్ సార్ నావైపు చూసిన చూపుకి మళ్లీ మూసుకున్నాను.

"అరుపులతోనే కదా ఇబ్బంది?" అన్నాడాయన చక్రపాణితో.

"ముఖ్యంగా అదే సార్."

"సరే. అవి తీసేసి చూద్దాం. పోయి బూట్లు వేసుకో. నీ పాత చోట్లోనే ఆడల్ల."

సెలవులకి ఊరొచ్చిన జలాల్ అవతలి గోల్ దగ్గర పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. చక్రపాణి ఎందుకొచ్చాడో వాడికి తెలుసు. తెలిసే పలకరించలేదు. సార్ కేకేస్తే కాళ్లకి కట్టుకున్న ప్యాడ్లతోనే ధనధనా నడిచి వచ్చాడు.

"జలాలూ, ఈపొద్దు ఆట అయిపోయేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు."

వాడు భగ్గుమన్నాడు. "నేనేం తప్పు మాట్లాడితిని సార్? కాంట్రాక్టు ఇయ్యకుంటే ఇయ్యకపోనీ, వాళ్ల ఇష్టం! నా గ్రౌండులో నిలబెట్టి నా నోరు మూయిస్తారా?"

"మూయిస్తా. ఆ నోటికి పని నేర్పింది నేనే."

జలాల్ పళ్లు కొరికాడు. చక్రపాణిని ఎగాదిగా చూశాడు. గోల్ స్తంభాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని, హెల్మెట్ తగిలించుకొని వెళ్లి నిలబడ్డాడు. విజిల్ నా చేతికిచ్చి సార్ గీత పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఎదుటి జట్టు కాలేజీ కుర్రాళ్లు. చక్రపాణి సాక్సులు పైకి లాక్కుంటూ, "నన్ను దాటి పోయినవాడు ఇంతవరకు లేడు, చూసుకోండి," అని వాళ్లతో సరదాగా అన్నాడు. ఆ మాట నిజమే. నేను అంపైరుగా ఉన్న రోజుల్లో కూడా వాడు అడ్డుకోవలసిన చోటికి ఎప్పుడూ ఒక అడుగు ముందే చేరేవాడు. అది తన కాళ్ల గొప్పే అని వాడి నమ్మకం.

మామూలు రోజుల్లో జలాల్ గోల్‌లో ఉంటే "ఎడమకి రా! వెనకొకడు! వాణ్ణి వదలొద్దు!" అన్న కేకలు గోడ దాటి పోయేవి. క్వార్టర్లలో ఆడవాళ్లు తిట్టుకుంటూ కిటికీలు వేసుకునేవాళ్లు. ఆ సాయంత్రం మైదానంలో కర్రల చప్పుడు, బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికే బంతులు గోల్ మీదికి ఒకదాని వెనక ఒకటి వచ్చి పడటం మొదలైంది. ఎవడు ఎటునుంచి వస్తున్నాడో ప్రతిసారీ జలాల్‌కి ముందే కనిపించేది. నోరు తెరుచుకునేది, గటుక్కున మూతపడేది. ఒకసారి ఆపుకోలేక కర్రతో స్తంభం మీద టకటకా కొట్టాడు. "అదీ మాటే!" అని సార్ కుర్చీలోంచి అరిచాడు. ఇక వాడికి మిగిలింది ఒళ్లొకటే. కుడికి దూకాడు, ఎడమకి పడ్డాడు, మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి బంతిని తన్నాడు. ఛాతీతో ఆపాడు, భుజంతో ఆపాడు. గోడ మీద చేరిన జనం ఈలలే ఈలలు. పడిన ప్రతిసారీ లేవడానికి ఇంతకుముందుకంటే ఎక్కువసేపు పడుతోందని మాత్రం వాళ్లెవరూ చూడలేదు.

సగం ఆటకి విరామం ఇచ్చాను. చక్రపాణి రొప్పుతూ సార్ దగ్గరికొచ్చి మొహమంతా నవ్వు చేసుకొని, "చూసినారా సార్! నోరు మూసుకుంటే ఎంత బాగా ఆడుతున్నాడో! ఇట్లా ఆడితే ఎంతడిగినా ఇయ్యమని నేనే చెప్తా," అన్నాడు.

అబ్బా, అప్పుడు నా చేతిలో ఉన్నది విజిల్ కాబట్టి సరిపోయింది! సార్ నీళ్ల సీసా వాడి చేతిలోంచి లాక్కొని జలాల్‌కి పంపించాడు.

రెండో సగంలో కాలేజీ కుర్రాళ్లకి దారి తెలిసిపోయింది. ఒకడు బంతితో చక్రపాణికి ఎదురొస్తాడు. ఇంకొకడు వాడి వీపు వెనకనుంచి చల్లగా జారుకుంటాడు. చక్రపాణి బంతినే చూస్తూ నిలబడిపోతాడు. బంతి వీణ్ణి దాటి వెనకవాడికి చేరుతుంది. వెనకనుంచి ఒకడొస్తున్నాడని వాడి కళ్లకి ఎలా తెలుస్తుంది పాపం, ఇన్నేళ్లూ వాటికి ఆ పని పడితే కదా. ఒక గోల్ పడింది. ఇంకోటి పడింది. వాడి నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. తన పక్కన ఆడుతున్న కుర్రాణ్ణి కసిరాడు, గడ్డి లేని మైదానాన్ని తిట్టాడు, నా అంపైరింగునీ వదిలిపెట్టలేదు.

చివరికి వచ్చేసరికి మళ్లీ అదే ఎత్తు. ఎదురుగా ఒకడు, వెనక ఒకడు. జలాల్ అప్పటికే ఒక బంతిని ఆపి నేలమీద పడి ఉన్నాడు. చక్రపాణి ఎటు పోవాలో తెలియక వెనక్కి తిరగబోయి, తన జట్టు కుర్రాణ్ణే గుద్దుకొని, వెల్లకిలా పడ్డాడు. బంతి వాడి పక్కనుంచే దొర్లుకుంటూ పోయి గోల్ పలకకి తగిలి ఠప్పుమంది.

వాడు లేచాడు. మోకాలి చిప్ప దోక్కుపోయి నెత్తురు కారుతోంది. కోపంతో ఊగిపోతూ గోల్ వైపు తిరిగి, క్వార్టర్లన్నీ వినపడేట్టు గొంతు చించుకున్నాడు.

"ఒరేయ్ జలాల్! నోట్లో ఏం పెట్టుకున్నావురా? వెనక వాడొస్తున్నాడని ఒక్క మాట చెప్పి చావలేవా!"

గోడ మీది ఈలలు ఆగిపోయాయి. కాలేజీ కుర్రాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. జలాల్ మెల్లగా లేచి కూర్చుని హెల్మెట్ తీశాడు. మొహం మీద ఎర్రమట్టి చెమటతో కలిసి చారలు కట్టింది. వాడు చక్రపాణిని చూడలేదు. నవ్వనూ లేదు. ఇక మాట్లాడొచ్చా అని అడుగుతున్నట్టు సార్ వైపు గడ్డం ఎత్తాడు. అరిచిన నోరు అలాగే తెరుచుకొని చక్రపాణి ఉన్నచోటే నిలబడిపోయాడు.

బెంజిమన్ సార్ కుర్చీలోంచి లేచి, బల్ల కింద నుంచి సున్నం డబ్బా తీశాడు. గోల్ ముందు అంతమంది పడి లేచిన చోట గీత మొత్తం చెరిగిపోయి ఉంది. ఆయన నడుచుకుంటూ వచ్చి డబ్బాని చక్రపాణి చేతిలో పెట్టాడు.

"గీత గీసి పోరా," అన్నాడు. "రాత్రికి ఫోన్ చేస్తావు గదా. ఇప్పుడు వాణ్ణి అడిగిన మాటే వాళ్లకి చెప్పు."