దొరగారికి పడిన పాచిక

సోమిదేవమ్మగారిని పాఠం చెప్పమంటే ఆట ఆడిస్తారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, ఆదివారం మధ్యాహ్నాలు తమ మేడమీద గదిలో కోటలూ రాజ్యాలూ ఉన్న కథల ఆటొకటి నడిపిస్తున్నారు. తలా ఒక వేషం కడతారు. ఏం జరిగేదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ఆవిడ శిష్యుడు పాణి, ఆ ఆటలో దొరల వేషం కట్టేవాళ్ల కోసం ఆట నియమాలకి ఒక అనుబంధం రాస్తున్నాడు. బలాలన్నీ ఉత్సాహంగా రాసేసి, బలహీనత దగ్గర ఆగిపోయాడు.

"టీచరుగారూ, దొరకి కోట ఉంది, సైన్యం ఉంది. ఇంక లోటేం పెట్టమంటారు?"

"కూర్చోరా. ఈ పూట దొరవి నువ్వే," అన్నారావిడ.

పాణి దొరయ్యాడు. దొరకి ఒక కూతుర్ని కల్పించి, మురిపెంకొద్దీ తన సొంత కూతురి పేరే పెట్టాడు, మేఘమాల అని. పంట సంగతి తేల్చే మొదటి పాచికకి మూడే పడింది.

"పంట పోయింది ప్రభూ," అన్నాడు మంత్రి వేషంలో ఉన్న మస్తాన్.

పాణికి హుషారెక్కింది. లేని మీసం దువ్వుకుని, "ఈ మాటన్నవాడి నాలుక కోయించండి!" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. మస్తాన్ మాత్రం కుర్చీ జరుపుకుని గోడవారగా కూర్చున్నాడు.

తర్వాత పాపకి జ్వరం తగిలింది. పది దాటితే బతుకుతుంది. పాచిక దొర్లి దొర్లి రెండు దగ్గర ఆగింది.

"ఇరవై, ప్రభూ! గండం గడిచింది," అంది దాసి వేషంలో ఉన్న ఝాన్సీ.

పాణి నవ్వాడు. అతను నవ్వినంతసేపే అందరూ నవ్వారు, అతను ఆపగానే ఆపేశారు.

"సరిగ్గా చూడు ఝాన్సీ."

"ఇరవయ్యే, ప్రభూ."

"అయితే పాపని తీసుకురా."

"నిద్రపోతోంది ప్రభూ."

ఆటలో మూడు రోజులు గడిచాయి. పాప నిద్రపోతూనే ఉంది.  ఇది ఆటేనని పాణికి తెలుసు, అయినా భయం వేసింది.

"మస్తాన్, నువ్వు చెప్పరా," అన్నాడు. మస్తాన్ నోరు తెరిచాడు. నాలుక లేదన్నట్టు వేలితో చూపించాడు.

పాణి దిగ్గున లేచాడు. అతనితోపాటే అందరూ లేచి తలలు వంచారు.

"చాలు, ఆపేద్దాం! టీచరుగారూ, మీరైనా నిజం చెప్పండి. నా కూతురు బతికుందా?"

ఇన్నేళ్లలో అతణ్ణి "ఒరేయ్" అని తప్ప పిలవని ఆవిడ, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తమరు ఎలా అంటే అలాగే, ప్రభూ."