బీరవ్వ కుంకుడు చెట్టు

అనగనగా ఒక వాగు, ఆ వాగు ఒడ్డున గొంగళ్ళు నేసుకునే ఒక ఊరు. ఆ ఊళ్ళో బీరవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. గొర్రె బొచ్చు కడగడం ఆవిడ పని. కత్తిరించిన బొచ్చు ఎంత జిడ్డుగా ఉంటుందో నీకేం తెలుసు, ముట్టుకుంటే చెయ్యి వదలదు. ఆ జిడ్డు పోతేనే వడకడమైనా, నేయడమైనా.

బీరవ్వ పెరట్లో ఒక కుంకుడు చెట్టు ఉండేది. అత్తగారు పెట్టిన చెట్టు. ఆ కాయల రసంతోనే బొచ్చు కడిగేది. ఆ చెట్టు ఉందనే ఆవిడ ఊళ్ళో తలెత్తుకు తిరిగేది.

ఒకరోజు పట్నం నించి పరంధాం అని ఒకాయన వచ్చాడు. "నాకూ ఈ పని నేర్పండమ్మా" అని నంగనాచిలా అడిగాడు. ఈ పిచ్చితల్లి, అడగడమే చాలనుకుని నేర్పింది.

మొదటి రోజు కాయలు కొట్టి, గింజ తీసి, నానబెట్టడం చూపించింది. ఆయన రాసుకున్నాడు.

రెండో రోజు రసం చిక్కదనం చూపించింది. ఆ రసంలో కంటికి కనపడని నలుసులుంటాయి బంగారం. ఒక్కోదాని తలకి నీళ్ళంటే ఇష్టం, తోకకి జిడ్డంటే ఇష్టం. నాలుగే ఉంటే దేని దారి దానిదే. ఇంకాస్త రసం పోశావనుకో, అప్పుడు చాలినంత మంది చేరగానే వాటంతటవే గుండ్రంగా కూర్చుంటాయి, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టి. జిడ్డుని మధ్యలో పెట్టుకుని నీళ్ళతో పాటు వెళ్ళిపోతాయి. బీరవ్వకి ఇదంతా కంటితో తెలీదు, వేళ్ళతో తెలుసు. "నురగను జూడకు బిడ్డా, వేళ్ళ నడుమ జారుడు జూడు" అంది. అదీ రాసుకున్నాడు.

మూడో రోజు, కడిగిన నీళ్ళు పారబోసే గుంట చూపించింది. అది వాగుకి చాలా దూరం. "కుంకుడు నీళ్ళైనా సరే వాగుల కలువొద్దు. చేపలు సస్తయ్" అంది. ఆ రోజు ఆయన కలం తియ్యలేదు. ఆవిడని చెట్టు కింద నిలబెట్టి, ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏడాదికి ఊళ్ళోకి పరంధాం ప్యాకెట్లు దిగాయి. మీద కుంకుడుకాయల బొమ్మ, పక్కన నవ్వుతూ బీరవ్వ. లోపల కుంకుడు వాసన కూడా లేదు, ఏదో తెల్ల పొడి. గుప్పెడు వేస్తే మోకాలెత్తు నురగ. ఆ నురగ చూసి ఊరంతా మురిసిపోయింది. "అది నాది గాదు" అని బీరవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పని పోయిందని కుళ్ళుకుంటోంది అన్నారు. కుంకుడే కదా ఏమవుతుందిలే అని, వాగులోనే కడిగేశారు.

అప్పుడు ముందు చేపలు తేలాయి. ఆ తర్వాత ఆ నీళ్ళు తాగిన గొర్రెపిల్లలు పారుకుని చచ్చాయి. ఆ తర్వాత ఊరు వచ్చి బీరవ్వ గుమ్మం ముందు నిలబడింది.

"బొమ్మ నీదే గదా పెద్దమ్మా?" అన్నాడు కులపెద్ద కొంరయ్య.

"బొమ్మ నాదే. లోపలున్నది నాది గాదు."

"కుంకుడు గాకుంటే కుంకుడు బొమ్మ ఎందుకేస్తరు?"

 

ఆ చెట్టే విషం, కొట్టెయ్యాలి అని తేల్చారు. బీరవ్వ చెట్టుని వాటేసుకుంది. "నన్ను తిట్టుండ్రి, దాన్ని ముట్టకుండ్రి" అని బతిమాలింది. ఇద్దరు ఆవిడని పక్కకి లాగారు. పొద్దు వాలేలోగా చెట్టు నేల మీద ఉంది.

కొట్టినవాళ్ళ చేతులకి మట్టీ, జిగురూ పట్టాయి. అందరూ కడుక్కోవడానికి వాగులోకి దిగారు. కొంరయ్య ఒక కొత్త ప్యాకెట్ చింపాడు. పొద్దున్నే పరంధాం పంపించాడట. లోపల అదే తెల్ల పొడి. మీద మాత్రం ఈసారి నిమ్మకాయ బొమ్మ ఉంది.

కథ కంచికి నడిచింది,
నిద్ర మంచం ఎక్కింది.