సున్నపురాయి నురగ

ఒకప్పుడు రాళ్ళన్నీ ఒకేలా ఉండేవి. అదే బూడిద రంగు, అదే గట్టిదనం. ఏది ఏదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మాటలు మాత్రం గలగలా మాట్లాడేవి.

గుట్టమ్మ అనే కొండతల్లికి ముగ్గురు రాతిబిడ్డలు. పెద్దాడు పలుగయ్య, నడిపిది బలపమ్మ, కడగొట్టువాడు సున్నిగాడు. గొంతు విని ఎవరెవరో పోల్చుకునేది ఆ తల్లి.

ఒకనాడు కుండపోతగా వాన కురిసింది. వాగు పొంగి ముగ్గుర్నీ ఎత్తుకుపోయింది. గుట్టమ్మ కొంగు బిగించి గట్టు వెంబడి పరిగెత్తింది.

"ఓసే వాగూ, నా పిల్లలేరే?"

"ఒళ్ళు తెలీకుండా పొంగానక్కా," అంది వాగు తలవంచుకుని. "ఆ ఇసుకమేట మీద దింపేశాను. కానీ అందరి నోళ్ళలోనూ బురద కూరుకుపోయింది. నువ్వు పిలిచినా పలకలేరు."

ఇసుకమేట నిండా రాళ్ళే! గుట్టమ్మ వాటి మధ్య కూర్చుంది. ఒక్కో రాయినీ ఒళ్ళోకి తీసుకుని, "నువ్వేనా నాన్నా?" అని అడగసాగింది.

ఒక రాయి అమ్మ చేతి ఇనప కడియాన్ని పంతంగా గీరింది. కడియం మీద గీత పడింది!

"ఈ మొండితనం నా పలుగయ్యదే!"

ఇంకో రాయి అమ్మ అరచేతికి చెంప ఆనించి, తానే మెత్తబడిపోయేదాకా రుద్దింది. చెయ్యంతా తెల్లటి పొడి.

"ఈ గారాబం నా బలపమ్మదే!"

మరి సున్నిగాడో? వాడికి గీరడం చేతకాలేదు, రుద్దడం తోచలేదు. అమ్మ వాణ్ణి రెండుసార్లు ఎత్తుకుంది, రెండుసార్లూ పక్కన పెట్టేసింది. పాపం, నోట్లో బురదతో లోలోపలే "అమ్మా! అమ్మా!" అనుకుంటూ ఊపిరి బిగబట్టుకుని ఉండిపోయాడు.

వెతికి వెతికి గుట్టమ్మ కూలబడిపోయింది. గట్టు మీది నిమ్మచెట్టుకు జాలేసింది.

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నువ్వు. ఈ కాయ పిండుకుని తాగు తల్లీ. ఓపిక ఉంటేనే కదా వెతుకుతావు!"

గుట్టమ్మ కాయ పిండింది. ఒక్క చుక్క జారి కాళ్ళ దగ్గరి రాయి మీద పడింది.

పులుపు చుర్రుమంది. బిగబట్టిన ఊపిరంతా బుసబుసా పైకి తన్నుకొచ్చింది. లోపల దాగిన పిలుపులన్నీ తెల్లటి బుడగలై పొంగాయి.

గుట్టమ్మ చెవి ఆనించి వింది. "అమ్మా... అమ్మా..."

"ఓరి నా చిట్టి తండ్రీ! కాళ్ళ దగ్గరే ఉన్నావట్రా!" అంటూ ఏడుస్తూ నవ్వుతూ గుండెకు హత్తుకుంది. "ఇక మీరు ముగ్గురూ ఇలాగే ఉండండర్రా. ఇంకెప్పుడూ మిమ్మల్ని పోల్చుకోలేక పక్కన పెట్టను."

అప్పటినుంచే పలుగురాయి ఇనుమును గీరుతుంది. బలపపు రాయి ముట్టుకుంటే చేతికి తెల్లగా అంటుతుంది. సున్నపురాయి మీద నిమ్మరసం చుక్క వేసి చెవి దగ్గర పెట్టుకోండి, సున్నిగాడు ఈనాటికీ అమ్మను పిలుస్తూనే ఉంటాడు.