జిలానీ చేపల జత

గురువారం సాయంత్రం నామస్మరణ మధ్యలో జిలానీ లేచి వెళ్లిపోయాడు. ఈమధ్య అది అలవాటైపోయింది. తోటి శిష్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూరుద్దీన్ బాబా మాత్రం కళ్లు తెరవలేదు.

మర్నాడు జుమ్మా నమాజు అయ్యాక జిలానీయే వచ్చి బాబా ముందు కూర్చున్నాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"కళ్లు మూసుకుంటే చేపలు కనిపిస్తున్నాయి బాబా," అన్నాడు.

బాబా నవ్వలేదు. "చెప్పు," అన్నారు.

జిలానీ రేవులో క్రేన్ నడుపుతాడు. ఓడలోంచి అంతేసి ఇనప పెట్టెను ఎత్తి, లారీ మీద కోడిగుడ్డు పెట్టినంత నెమ్మదిగా దించుతాడని పేరు. ఇంట్లో అతనూ, భార్య హమీదా ఇద్దరే. ఇద్దరూ ముచ్చటపడి ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నారు. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్ అంటే హమీదాకు ఇష్టం. జతగా పెంచుదామని జిలానీ రెండు తెచ్చాడు. రెండూ బాగా ఎదిగినవి, ఒకే సైజువి, చూడగానే కళ్లు నిలిచిపోయేవి ఏరి మరీ తెచ్చాడు.

తెల్లారేసరికి ఒకటి రెక్కలు చిరిగిపోయి అడుగున పడి ఉంది.

షాపుకి పరిగెత్తితే అప్పుడు చెప్పారు. ఈ చేపలన్నీ మొదట మగవేనట. జతలో పెద్దదే ఆడదవుతుంది, ఇంటి పెత్తనం దానిదే. సమానమైన రెండింటిని ఒకచోట వేస్తే ఏదీ తగ్గదు. అందుకని ఒకటి పెద్దది ఉంటే రెండోది బాగా చిన్నది చూసుకోవాలి.

"నేనే ఏరాను బాబా. నా చేతులతో తెచ్చి నేనే చంపాను," అన్నాడు జిలానీ. "ఇప్పుడు చిన్నదాన్ని తెచ్చాను. చిల్లుల డబ్బాలో ఉంచి ఆ నీళ్లలోనే వేలాడదీశాను, ఒకదానికొకటి అలవాటు పడతాయని. డబ్బా తెరిస్తే చాలు, పెద్దది తరుముతోంది. నేను వలతో పట్టి మళ్లీ డబ్బాలో వేస్తాను. కాసేపాగి మళ్లీ తెరుస్తాను, మళ్లీ మూస్తాను. చిన్నది మేత ముట్టడం మానేసింది. డ్యూటీలో ఉన్నా ధ్యాసంతా ఇంటి మీదే. మొన్న నేను దించుతున్న పెట్టె లారీ అంచుకి కొట్టుకుంది. కింద మనిషి ఉన్నాడు. పక్కకి దూకాడు గనక బతికాడు."

జిలానీ బాబాకి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఏదైనా దువా చెప్పండి. లేదంటే దేన్ని ఉంచుకోవాలో, దేన్ని తిరిగిచ్చేయాలో మీరే చెప్పండి."

బాబా లేచి చెప్పులు వేసుకున్నారు. "మీ ఇంట్లో టీ తాగి చాన్నాళ్లయింది. పద."

హమీదా కొంగు సర్దుకుంటూ వచ్చి సలాం చేసింది. అక్వేరియం ఎదురుగా కుర్చీ వేసి టీ పెట్టడానికి వెళ్లింది. పెద్ద చేప డబ్బా చుట్టూ తిరుగుతోంది. లోపల చిన్నది, బొటనవేలంత లేదు, ఒక మూలకి ఒదిగిపోయి ఉంది. బాబా చాలాసేపు చూశారు.

"తెరువు," అన్నారు.

"చంపేస్తుంది బాబా."

"తెరువు నాయనా."

జిలానీ డబ్బా మూత తీసి పక్కకి వంచాడు. చిన్నది జారినట్టుగా బయటికొచ్చింది. అతను చెయ్యి తుడుచుకుని వల కోసం పక్కకి తిరిగాడు. అప్పుడు బాబా రెండు చేతులూ ముందుకు చాచారు, సలాం చెప్పి చేతులు కలిపేటప్పుడు చాచినట్టే. గురువు చేతులు చాస్తే కాదనేదెలా? జిలానీ అందుకున్నాడు. ఒక క్షణం ఆగి వదలబోయాడు.

బాబా వదల్లేదు.

పెద్ద చేప కదిలింది. చిన్నది గాజు వెంట పైకీ కిందికీ పరుగు తీసింది. దారి దొరక్క మూలకి చిక్కింది. పెద్దది వెళ్లి తోక దగ్గర కొరికింది.

"బాబా, చేతులు..."

"ఊఁ," అన్నారు బాబా. అంతే.

ఆ పట్టులో బలమేమీ లేదు. డెబ్భై దాటిన మనిషి. లాక్కుంటే వచ్చేస్తాయి. కానీ ఆ చేతుల్లోంచి ఎలా లాక్కోవాలో జిలానీకి తెలియలేదు. వల స్టూలు మీద ఉంది.

టీ ట్రేతో వచ్చిన హమీదా గుమ్మంలోనే నిలబడిపోయింది.

మూలలో చిన్న చేప పక్కకి ఒరిగిపోయింది. తల నుంచి తోక దాకా ఒళ్లంతా గజగజ వణికింది. జిలానీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రేవులో పక్కకి దూకి తప్పించుకున్న ఆ మనిషి మొహం కనిపించింది. పెదాలు కదిలాయి గాని దువా రాలేదు.

"ఏమండీ," అంది హమీదా మెల్లగా. "చూడండి."

పెద్దది ఆగి ఉంది. వణుకుతున్నదాని చుట్టూ ఒకసారి తిరిగి, తన దారిన తను రాళ్ల వైపు వెళ్లింది. చిన్నది నిటారుగా సర్దుకుంది. కాస్త ఎడంగా దాని వెనకే వెళ్లింది. పెద్దది వెనక్కి తిరిగితే మళ్లీ ఒరిగి వణికింది. ఈసారి పెద్దది దగ్గరికైనా రాలేదు.

"షాపతను చెప్పలేదూ," అంది హమీదా, "చిన్నది ఒరిగి వణికితే పెద్దదాని పెత్తనం ఒప్పుకున్నట్టేనని. ఆ తర్వాత దాన్ని ఏమీ చెయ్యదనీ."

"చెప్పాడు," అన్నాడు జిలానీ. "అంతదాకా నేనెప్పుడు రానిచ్చాను?"

టీ చల్లారిపోతోంది. రెండు చేపలూ ఒకే రాయి పక్కన నీటి కదలికకి ఊగుతున్నాయి. బాబా ఇంకా అతని చేతులు పట్టుకునే ఉన్నారు. ఆ ముసలి అరచేతులు చెమటతో తడిసిపోయాయని జిలానీ అప్పుడు గమనించాడు.

"అది బతుకుతుందని మీకు ముందే తెలుసా బాబా?"

"తెలీదు. చచ్చిపోతుందనే అనుకున్నాను."

జిలానీ నివ్వెరపోయి చూశాడు. "మరి నా చేతులెందుకు పట్టుకున్నారు?"

బాబా చేతులు వదిలి టీ గ్లాసు అందుకున్నారు.

"వల నాకూ అందేటంత దూరంలోనే ఉంది, నాయనా. నా చేతులూ ఆగాలిగా."