పొలిమేర దాకా సాగనంపిన ఊరు

అనగనగా ఒక ఊళ్ళో... ఉండు, ఊరింకా పుట్టలేదు. నల్లరేగడి నేల, తుమ్మచెట్లు, రైలింజను నీళ్ళు పట్టుకునే ఒక తొట్టి, పట్టాలు వేసిన కూలీల గుడిసెలు పది. ఇంత సంబడానికి మూడు రోజులు కొట్టుకుని మరీ పేరు పెట్టుకున్నారు, తొట్టిపాలెం అని.

ఆ గుడిసెల్లో నాంచారమ్మ ఉండేది. అత్తారింట్లో ఉన్న ఆమె కూతురు సీతాలుకి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు కదా, పుట్టింటికి తెచ్చుకోవాలి. ఎద్దుబండి మీదైతే రెండు రోజుల కుదుపులు. రైల్లో అయితే ఒక్క పూట.

అప్పుడు స్టేషన్ మాస్టర్ పరాంకుశం గారు పిడుగులాంటి మాట చెప్పారు. "ఇక్కడ టిక్కెట్లు తెగడం లేదమ్మా. మూడు వారాల్లో జనం ఎక్కకపోతే ఇక రైలు ఆగదు. పక్క స్టేషన్లోనే నీళ్ళు పట్టుకుంటుంది."

స్టేషనంటే ఏమనుకున్నావ్? ఒక రేకుల పాక, ఒక పచ్చజెండా, ఆయన మీసం.

మొదటి వారం కోటయ్య ప్రయాణమయ్యాడు. మనవాళ్ళ సంగతి తెలుసుగా, ఒకరు కదిలితే నలభైమంది సాగనంపాలి. అందరూ వచ్చి శోకాలు పెట్టారు. వాడు వెళ్ళింది సుత్తి కొనుక్కోవడానికి. తెగింది ఒక్క టిక్కెట్టు.

ఆ తర్వాతి వారం వీరమ్మ. మళ్ళీ నలభైమంది. మళ్ళీ ఒక్క టిక్కెట్టు.

మూడో వారం నాంచారమ్మ కూతురి కోసం బయలుదేరింది. ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. నలభైమందీ ముక్కులు చీదుతున్నారు.

"ఏమర్రా, సాగనంపేది ఎక్కడి దాకా?" అంది.

"పొలిమేర దాకా అత్తా," అన్నాడు కోటయ్య.

"నడిచేవాళ్ళకి పొలిమేర ఆ తుమ్మచెట్లు. రైలెక్కేదానికి పొలిమేర పక్క స్టేషను. అందాకా రాకపోతే మర్యాద తప్పినట్టే!"

మర్యాద మాటొస్తే మనవాళ్ళు ఆగుతారా? పిల్లాజెల్లాతో ఎక్కేశారు. టిక్కెట్లు ఇవ్వలేక పరాంకుశం గారికి చెమటలు పట్టాయి. రైలు కదలగానే సగంమంది కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఇప్పుడడిగితే ఒప్పుకోరనుకో.

రైలు ఆగడం ఆగలేదు. వారం తిరక్కుండా అందులోనే సీతాలు దిగింది.

ఆ తర్వాత అదే ఆచారమైపోయింది. కోటయ్య పక్క స్టేషన్లో టీ రుచి చూసొచ్చి, ఇక్కడ టీ కొట్టు పెట్టాడు. వీరమ్మ సంత చూసొచ్చి, ఇక్కడ సంత పెట్టించింది. పిల్లలు బడి చూసొచ్చారు. ఆ సంగతి ఇంట్లో ఒక్కడూ చెప్పలేదు. అయినా బడి వచ్చింది.

అన్నిటికంటే ముందు సీతాలుకి ఆడపిల్ల పుట్టింది, ఆ ఊళ్ళో తొలి బిడ్డ. దాని ఏడుపుకి రైలొచ్చిందనుకుని పరాంకుశం గారు పచ్చజెండా పట్టుకుని పరుగెత్తారు.

కూతపెట్టి రైలు పట్నానికి,
కూతురొచ్చె పుట్టింటికి,
కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి.