గచ్చకాయల పాఠం

పిల్లలకు ఆటలతోనే చదువు చెప్పాలని రాజుగారు శాసనం చేశారు. అదెలాగో నేర్పుతానని ఆస్థాన పండితుడు వీధిబడి పంతుళ్లను కోటకు పిలిపించి, చేతులు కట్టించి కూర్చోబెట్టి, నాలుగు రోజులుగా ఉపన్యాసం దంచుతున్నాడు. సోమలింగం పంతులుకి నడుం పడిపోయింది. ఓపిక నశించి, పక్కాయనతో గచ్చకాయలాట మొదలెట్టాడు.

"నేను చెబుతుంటే ఆటలా? నీ కొలువు ఊడగొడతాను!" పండితుడు మండిపడ్డాడు.

"చిత్తం. కారణం కూడా రాయించండి, రాజుగారు చదువుతారు," అన్నాడు సోమలింగం నీరసంగా. "ఆటతోనే నేర్పాలని శాసనం. నేను ఆడుతున్నాను, తమరు ఉపన్యసిస్తున్నారు. శాసనం మీరింది ఎవరని రాయిద్దాం?"

పండితుడు మెల్లగా వచ్చి చాపమీద కూలబడ్డాడు. "ఆ కాయలు ఎలా ఎగరెయ్యాలి?"

సోమలింగం నిట్టూర్చాడు. ఇంటికి పోదామనుకుంటే, బళ్లో ఇంకో పిల్లాడు చేరాడు.